శ్రీహరికోట దారిలో గాలి మీద నిలబడ్డ కారు

సూళ్లూరుపేట దాటి తూర్పుకి తిరిగిన కాసేపటికే ఊళ్లు అయిపోతాయి. చెట్లూ పలచబడతాయి. ఇక రోడ్డుకి రెండు పక్కలా పులికాట్ సరస్సే. మన దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో చిలకా తర్వాత పెద్దది ఇదే. దాని మధ్యలోంచి వెళ్లే ఈ రోడ్డు పట్టుకుంటే దాదాపు 18 కిలోమీటర్లలో శ్రీహరికోట. అటువైపు బంగాళాఖాతం, ఇటువైపు పులికాట్, మధ్యలో సన్నటి దీవి. మన రాకెట్లు పైకి లేచేది అక్కడి నుంచే.

ఫిబ్రవరిలో వెళ్తే ఈ దారి ఇంకా బాగుంటుంది. నీళ్లు కొంచెం వెనక్కి తగ్గి, బురద నేల బయటపడి, దాని మీద రాజహంసలు గుంపులుగా నిలబడి ఉంటాయి. దూరం నుంచి చూస్తే నీళ్ల మీద ఎవరో లేత గులాబీ రంగు గీత గీసినట్టుంటుంది. ఫోన్ కెమెరాకి సరిగ్గా అందవు. ఊరికే చూడటమే మంచిది.

ఇంత అందమైన గాలికి ఒక గుణం ఉంది. ఇందులో తేమ ఉంటుంది, ఉప్పు ఉంటుంది. ఇనుముకి, అల్యూమినియంకి, రబ్బరుకి ఇది చుట్టం కాదు. మీ కారు పాతదైతే, పైగా అది స్ప్రింగుల మీద కాకుండా గాలి మీద నిలబడే కారైతే, ఈ తీరం దానికి పరీక్ష పెడుతుంది. మొన్న మాఘమాసం పెళ్లిళ్ల సీజన్‌లో మా బావ కారుకి పెట్టినట్టు.

పెళ్లికొడుకు కారు

మా అక్కావాళ్లది సూళ్లూరుపేట. బావ కార్లు అద్దెకి తిప్పుతాడు. రెండు మామూలు కార్లు స్టేషన్‌కీ, తిరుపతికీ తిరుగుతుంటాయి. మూడోది ఆయన ముద్దుబిడ్డ. తెల్ల రంగు జర్మన్ సెడాన్, వయసు పన్నెండేళ్ల పైనే. కొత్తలో దాని ధర వింటే మనం కుర్చీలో సర్దుకుని కూర్చుంటాం. మూడు చేతులు మారి బావ దగ్గరికి వచ్చేసరికి కొత్త చిన్న కారు రేటుకి దిగింది. బంతిపూల దండ కట్టి పెళ్లికొడుకుని కూర్చోబెడితే ఆ సీజన్‌లో మిగతా రెండు కార్లూ కలిసి తెచ్చేదానికంటే ఇదొక్కటే ఎక్కువ తెస్తుంది.

ఇలాంటి కార్లు చవగ్గా దొరకడానికి ఒక ముఖ్య కారణం ఎయిర్ సస్పెన్షన్. కొన్నాక ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో పాత ఓనర్‌కి తెలుసు, కొత్త ఓనర్‌కి తెలియదు.

ఆ వారం అక్క ఫోన్ చేసింది. ఆదివారం ఉదయం ముహూర్తానికి కారు బుక్ అయ్యింది, అడ్వాన్స్ కూడా తీసుకున్నారు. కారేమో రోజూ పొద్దున్నే ముందు భాగం నేలకి ఆనించి, మోకాళ్ల మీద కూర్చున్న ఏనుగులా ఉంటోంది. స్టార్ట్ చేస్తే అయిదు నిమిషాలకి మెల్లగా లేస్తోంది. సిటీలో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే స్కానర్ పెట్టి 'కంప్రెసర్ పోయింది' అన్నారట. కొత్తది వేయాలంటే లక్ష దాటుతుందట.

"మీ బావ నా గాజుల వంక చూస్తన్నాడు రా" అంది అక్క. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు.

శుక్రవారం ఆఫీస్ అయ్యాక చెన్నైలో లోకల్ ఎక్కాను. బ్యాగులో లాప్‌టాప్‌తో పాటు ఒక చిన్న స్ప్రే బాటిల్, కొలిచే టేపు, ఒక స్పేర్ రిలే, ఆన్‌లైన్‌లో తెప్పించిన రెండు ఇత్తడి ఫిట్టింగులు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో నా పని ఆన్‌కాల్. రాత్రి రెండింటికి అలర్ట్ వస్తే లేచి చూసే ఉద్యోగం. ఆ ఉద్యోగం నేర్పిన పాఠం ఒకటుంది: అలర్ట్ ఏ సర్వీస్ పేరు మీద వచ్చిందో తప్పు అక్కడే ఉండాలని లేదు. అరిచేవాడు ఒకడు, దెబ్బ కొట్టినవాడు ఇంకొకడు.

గాలి మీద నిలబడటం అంటే

మామూలు కారులో బరువుని ఇనుప స్ప్రింగు మోస్తుంది. ఎయిర్ సస్పెన్షన్ కారులో ప్రతి చక్రం దగ్గరా ఒక రబ్బరు బెల్లోస్ ఉంటుంది. లోపల దారాల అల్లికతో గట్టిపరిచిన రబ్బరు సంచి అనుకోండి. టైరులో గాలి సుమారు రెండున్నర బార్ ఉంటే, ఈ సంచిలో దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. రెండు టన్నుల కారు అక్షరాలా గాలి మీద నిలబడుతుంది.

మిగతా బృందం చిన్నదే. గాలిని లాగి నొక్కే కంప్రెసర్. దానికి కరెంటు ఇచ్చే రిలే. గాలిలో తేమని పీల్చే గింజలతో నిండిన డ్రైయర్. ఏ చక్రానికి ఎంత గాలి పోవాలో తలుపులు తీసి మూసే వాల్వ్ బ్లాక్. చక్రాల దగ్గర ఎత్తు కొలిచే సెన్సార్లు. వీటన్నిటికీ పెద్దన్నగా ఒక కంప్యూటర్.

ఇది కొత్త వింతేం కాదు. మన ఆర్టీసీ గరుడ బస్సులో నిద్ర పట్టడానికీ, వందేభారత్‌లో టీ ఒలకకపోవడానికీ గాలి స్ప్రింగులే ఒక కారణం. మనుషులు ఎక్కినా దిగినా ఎత్తు మారకుండా ఉంచడం వీటి గొప్పతనం. దీని తలనొప్పి కూడా కొత్తది కాదు. అమెరికాలో 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ అనే కారు గాలి స్ప్రింగులతో వచ్చింది. లీకులతో విసిగిపోయి చాలామంది ఓనర్లు వాటిని పీకేసి ఇనుప స్ప్రింగులు వేయించుకున్నారు. 1998లో ఎస్-క్లాస్‌తో ఈ టెక్నాలజీ మళ్లీ పెద్ద ఎత్తున లగ్జరీ కార్లలోకి వచ్చింది. అలా వచ్చిన తరం కార్లే ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో మన ఊళ్లలో తిరుగుతున్నాయి.

రాత్రి పదికి నాలుగు అంకెలు

సూళ్లూరుపేటలో దిగేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అన్నం తినే ముందే బావని వాకిట్లోకి లాక్కెళ్లాను.

"గ్యారేజీ వాళ్లు స్కానర్ పెట్టి చెప్పారు రా. నువ్వు టేపు పెట్టి ఏం తేలుస్తావు?" అన్నాడు.

స్కానర్ రిపోర్ట్ ఆయన ఫోన్‌లో ఉంది. అందులో నిజానికి 'కంప్రెసర్ చెడిపోయింది' అని లేదు. 'అనుకున్న టైమ్‌లో ప్రెషర్ రాలేదు' అని ఉంది. రెండిటికీ చాలా తేడా. కుండ నిండలేదంటే నీళ్లు పోసేవాడు నీరసంగా ఉండొచ్చు, కుండకి చిల్లైనా ఉండొచ్చు.

దీన్ని తేల్చడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. కారుని చదునైన నేల మీద ఆపాలి. ఇంజిన్ మీద మామూలు ఎత్తుకి రానివ్వాలి. ఆ తర్వాత చక్రం సరిగ్గా మధ్య నుంచి పైన ఫెండర్ అంచు వరకూ నాలుగు చోట్లా కొలిచి రాసుకోవాలి. నేల నుంచి కొలవకూడదు. టైరులో గాలి తక్కువైతే ఆ లెక్క మోసం చేస్తుంది.

ఇక్కడే ఒక కిటుకు. చాలా కార్లలో ఈ కంప్యూటర్ రాత్రిపూట పూర్తిగా నిద్రపోదు. మధ్యలో లేచి ఎత్తులు చూసుకుంటుంది. ఒక మూల దిగిపోయి ఉంటే, కారు వంకరగా కనిపించకుండా మిగతా మూలల్లో గాలి కూడా వదిలేస్తుంది. పొద్దున మనం చూసేసరికి ముందు భాగం మొత్తమో, కారు మొత్తమో దిగి ఉంటుంది. ఇక దొంగ ఎవరో దొరకడు. అందుకే కొలిచాక ఎయిర్ సస్పెన్షన్ ఫ్యూజ్ పీకేయాలి. అప్పుడు వాల్వులన్నీ మూసుకుని ఉంటాయి. ఎవరి గాలి వారి దగ్గరే. ఎవరు కారితే వారే దిగుతారు.

ఫ్యూజ్ తీసి, అక్క వడ్డించిన చేపల పులుసు తిని పడుకున్నాం.

పొద్దున ఆరింటికి కొలిస్తే వెనక రెండు మూలలు మూడు నాలుగు మిల్లీమీటర్లు తగ్గాయి. ముందు కుడివైపు అయిదు మిల్లీమీటర్లు. ముందు ఎడమవైపు ఏడు సెంటీమీటర్లు.

మిల్లీమీటర్లు చూసి భయపడక్కర్లేదు. సాయంత్రానికీ తెల్లవారుజాముకీ పది డిగ్రీల తేడా ఉంటే సంచిలో గాలి దాదాపు 3 శాతం కుంచించుకుపోతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిందే. కాబట్టి మిల్లీమీటర్లలో దిగితే చలి, సెంటీమీటర్లలో దిగితే లీకు.

బావకి ఒక్క ప్రశ్న వేశాను. "రాత్రంతా కంప్రెసర్ నిద్రపోయింది. దానికి కరెంటే లేదు. మరి ఆ ఒక్క మూలలో గాలి ఎవరు తీసుకెళ్లారు?"

బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే గాజుల మాట మీ అక్కతో ఎత్తకు" అన్నాడు.

లారీ మేస్త్రీ చెవి

మూల తెలిసింది. ఇక అనుమానితులు నలుగురే. బెల్లోస్ రబ్బరు, దాని నెత్తిన గాలి గొట్టం బిగించే ఫిట్టింగు, ఆ గొట్టం, వాల్వ్ బ్లాక్‌లో ఆ మూలకి చెందిన తలుపు.

శనివారం పొద్దున సిటీకి తీసుకెళ్లే టైమ్ లేదు. బావ నాయుడుపేట వైపు హైవే పక్కనున్న ఒక షెడ్డుకి తీసుకెళ్లాడు. అక్కడ లగ్జరీ కార్లు లేవు. చెన్నై–కోల్‌కతా హైవే మీద తిరిగే లారీలున్నాయి. అరవై దాటిన మేస్త్రీ ఒకాయన లారీ కింద పడుకుని ఎయిర్ బ్రేకు చూస్తున్నాడు.

ఆలోచిస్తే సరైన చోటుకే వచ్చాం. లారీ బ్రేకులు పనిచేసేది కూడా గాలితోనే, అదీ దాదాపు 8 బార్ ప్రెషర్‌తో. ముప్పై నలభై ఏళ్లుగా గాలి కారే చోటు వెతకడమే ఆయన పని.

మేస్త్రీ మా కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత నన్ను పిలిచి లారీ గాలి ట్యాంకు కిందున్న చిన్న వాల్వ్ లాగాడు. బుస్సుమని గాలి, దానితో పాటు గరిటెడు గోధుమ రంగు నీళ్లు.

"ఈ నీళ్లు యాడివి నయనా?" అన్నాడు.

గాలిలోవే. ఎనిమిది లీటర్ల గాలిని ఒక లీటర్‌లోకి నొక్కితే అందులో ఉన్న తేమ పట్టక నీరుగా దిగిపోతుంది. పులికాట్ పక్కన గాలిలో తేమ మరీ ఎక్కువ. లారీవాళ్లు ఆ నీళ్లని ఇలా వదిలేస్తుంటారు. మన కారులో ఆ పని డ్రైయర్ చేస్తుంది. గాలి లోపలికి వెళ్లేటప్పుడు గింజలు తేమ పీల్చుకుంటాయి. కారు కిందికి దిగేటప్పుడు ఆ పొడి గాలి మళ్లీ అదే డ్రైయర్ గుండా బయటికి పోతూ గింజలని ఆరబెడుతుంది. పీల్చడం, ఆరడం, మళ్లీ పీల్చడం.

లీకు ఉన్నప్పుడు జరిగేది చూడండి. గాలి దొడ్డిదారిన పోతుంది. డ్రైయర్ వైపు తిరిగి రాదు. గింజలు ఆరవు. కంప్రెసర్ మాత్రం మళ్లీ మళ్లీ తడిగాలిని తోస్తూనే ఉంటుంది. కొన్నాళ్లకి గింజలు పొడైపోతాయి. ఆ పొడి, తడి కలిసి వాల్వ్ బ్లాక్‌లోకి చేరతాయి. రోజూ అయిదు నిమిషాలు ఎక్కువ తిరిగే కంప్రెసర్ వేడెక్కి, దాని పిస్టన్ రింగు అరుగుతుంది. రిలే కాంటాక్టులు కాలి అతుక్కుంటే కంప్రెసర్ ఆగకుండా తిరిగి మాడిపోతుంది. ఒక చిన్న లీకు మూడు పెద్ద పార్టుల్ని తినేస్తుంది. లీకు వదిలేసి కొత్త కంప్రెసర్ వేస్తే, కొత్తది కూడా అదే దారి పడుతుంది.

మేస్త్రీ జాకీ ఎత్తే ముందు చేసిన పని చెప్పాలి. గట్టి ఇనుప స్టాండ్లు కారు బాడీ కింద పెట్టేవరకూ మమ్మల్ని చక్రం దగ్గరికి రానివ్వలేదు. గాలి మీదున్న కారు చెప్పకుండా దిగుతుంది. ఒక ఫిట్టింగు ఊడినా, కంప్యూటర్ ఏదో అనుకుని వాల్వు తీసినా, ఫెండర్‌కీ టైరుకీ మధ్య తల పెట్టినవాడి పని అంతే. చాలా కార్లలో జాకీ మోడ్ అని ఒకటుంటుంది. అది ఆన్ చేయాలి, అయినా స్టాండ్లు పెట్టాలి.

తర్వాత నా స్ప్రే బాటిల్ తీసుకున్నాడు. అందులో అంట్లు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లు. ముందు బెల్లోస్ మడత మీద కొట్టాడు. బుడగ లేదు. ఎత్తు పెంచి, తగ్గించి మళ్లీ కొట్టాడు. రబ్బరు పగులు ఒక ఎత్తులో మూసుకుని ఇంకో ఎత్తులో తెరుచుకుంటుంది కాబట్టి ఒక్కసారి చూసి వదిలేయకూడదట. అప్పుడూ బుడగ లేదు. షెడ్డులో రేడియో ఆపమన్నాడు. తల వంచి చెవి పెట్టి విన్నాడు. సబ్బునీళ్లు ఈసారి పైన ఫిట్టింగు మీద కొట్టాడు.

ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి.

"ఇదో, ఈడ కూర్చోనుండాడు మీ దొంగ" అన్నాడు.

గాలి మొత్తం మెల్లగా వదిలి ఫిట్టింగు విప్పితే అసలు సంగతి కనిపించింది. అంతకుముందు ఎప్పుడో ఎవరో ఆ గొట్టాన్ని కటింగ్ ప్లేయర్‌తో కొరికినట్టు వాలుగా కోశారు. అంచు నలిగి, ఫిట్టింగులో ఒక వైపే పట్టు దొరికింది. కొన్నాళ్లు నిలిచింది, తర్వాత కారడం మొదలైంది. మేస్త్రీ పదునైన కొత్త బ్లేడుతో సెంటీమీటర్ గొట్టం సూటిగా కోసేశాడు. నేను తెచ్చిన ఇత్తడి ఫిట్టింగు వేసి, చేత్తో బిగించి, స్పానర్‌తో కొంచెమే తిప్పాడు. వీటిని బలం కొద్దీ బిగిస్తే మర పోతుంది.

కారు దించే ముందు, చక్రం వేలాడుతుండగానే బెల్లోస్‌లోకి గాలి ఎక్కించాడు. ఖాళీ సంచి మీద రెండు టన్నుల కారు దించితే రబ్బరు తప్పు మడత పడి చిరుగుతుంది. మళ్లీ సబ్బునీళ్లు. ఈసారి బుడగల్లేవు. పాత రిలే తీసి కొత్తది పెట్టాం.

టార్చి వేసి బెల్లోస్ మడతలో సన్నటి గీతలు కూడా చూపించాడు మేస్త్రీ. ఎండకి, ఉప్పుకి రబ్బరు ముసలిదవుతున్న గుర్తులవి. "ఈ పెళ్లిళ్లు గడిపేస్తాది సామీ. వానలు పడేలోపల డబ్బులు చూసుకో" అని బావకి చెప్పాడు. అంటే ఖర్చు తప్పలేదు. కొంతకాలం వాయిదా పడింది, లక్ష దాటే కంప్రెసర్ నుంచి రెండు బెల్లోస్‌లకి మారింది. అప్పు చేసి ఈరోజే కట్టాల్సినది, సీజన్ ఆదాయంతో కట్టుకోగలిగినదిగా మారింది. మా అక్క ఇంట్లో ఆ తేడా చాలా పెద్దది.

రాకెట్‌ని వెనక్కి తీసుకెళ్లిన ఊరు

రిపేరు అయ్యాక కారుని నడిపి చూడాలి. సాయంత్రం శ్రీహరికోట రోడ్డెక్కాం.

పులికాట్ మీద ఎండ వాలుతోంది. అటకానితిప్ప దగ్గర కారు ఆపితే గాలి చెవుల్లో హోరుమంది. రాజహంసలు దూరంగా తలలు నీళ్లలో పెట్టి వాటి పని అవి చూసుకుంటున్నాయి. ఈ ప్రాంతం 2022లో కొత్త జిల్లాలు వచ్చాక తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, మాట యాస, చేపల పులుసు మాత్రం నెల్లూరువే.

ఒకప్పుడు ఆ దీవిలో యానాదులు చేపలు, అడవి మీద ఆధారపడి బతికేవాళ్లు. భూమధ్యరేఖకి దగ్గరగా ఉండటం, తూర్పున సముద్రం ఉండటం వల్ల రాకెట్లకి అనువైన చోటని 1969లో దీన్ని ఎంచుకున్నారు. భూమి తిరిగే వేగం తూర్పుకి వెళ్లే రాకెట్‌కి కొంత ఊపు ఇస్తుంది. ఏదైనా తేడా జరిగినా కింద ఊళ్లుండవు. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్‌తో ఇక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. 2002లో సతీష్ ధవన్ పేరు పెట్టారు. 2023 జులై 14న చంద్రయాన్-3 బయల్దేరింది ఇక్కడి నుంచే.

మేం గేటు వరకే వెళ్లాం. ఊరికే వచ్చి లోపలికి వెళ్లిపోవడం కుదరదు. ప్రయోగాలు చూడటానికి 2019లో ప్రేక్షకుల గ్యాలరీ తెరిచారు. దానికి ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

గేటు దగ్గర కారు వెనక్కి తిప్పుతుంటే 2013 ఆగస్టు 19 గుర్తొచ్చింది. ఆ రోజు జీఎస్ఎల్‌వీ-డి5 లాంచ్ ప్యాడ్ మీద సిద్ధంగా ఉంది. కౌంట్‌డౌన్ నడుస్తోంది. ప్రయోగానికి 74 నిమిషాల ముందు రెండో దశలో ఇంధనం లీకవుతోందని తేలింది. ఆపేశారు. రాకెట్‌ని ప్యాడ్ మీద నుంచి వెనక్కి తీసుకెళ్లారు. ఇంధన ట్యాంకు చేసిన అల్యూమినియం మిశ్రమలోహానికి కాలం గడిచే కొద్దీ పగుళ్లిచ్చే గుణం ఉందని విచారణలో తేలింది. కారిన చోట అతుకు వేసి సరిపెట్టలేదు. వేరే మిశ్రమలోహంతో చేసిన కొత్త రెండో దశ తెచ్చారు. 2014 జనవరి 5న అదే డి5, మన సొంత క్రయోజెనిక్ ఇంజిన్‌తో, జీశాట్-14ని కక్ష్యలో పెట్టింది.

ఆ 74 నిమిషాల దగ్గర 'ఆపుదాం' అనడం తేలికైన మాట కాదు. టీవీల్లో దేశమంతా చూస్తోంది. అయినా ఆపారు, వెతికారు, కారణం దాకా వెళ్లారు. పాత కారుని చూసుకోవడానికి కూడా నాకు ఇంతకంటే మంచి పద్ధతి తెలియదు. లైటు వెలిగింది కదా అని పార్టు మార్చడం కాదు, గాలి ఎక్కడ పోతోందో చూడటం. అది దొరికాక, ఎందుకు పోతోందో కూడా చూడటం.

ఆ రాత్రి ఫ్యూజ్ పీకి మళ్లీ కొలిచాం. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి అక్కే ముందు లేచి టేపు పట్టుకుంది. ఎడమ ముందు మూల నాలుగు మిల్లీమీటర్లు తగ్గింది. అంతే. మిగతా మూలల్లాగే. ఫ్యూజ్ పెట్టి, కారు కడిగి, బంతిపూలు కట్టారు. ముహూర్తానికి పెళ్లికొడుకు తల వంచుకోకుండా దిగాడు.

మీ దగ్గరా ఇలాంటి కారుంటే

కొనే ముందు: బేరం ఆడే రోజు పొద్దున్నే, ఓనర్ స్టార్ట్ చేయకముందే వెళ్లి చూడండి. రాత్రంతా ఆగి ఉన్న కారు తన ఆరోగ్యం తనే చెప్తుంది. దిగిన స్థాయి నుంచి మామూలు ఎత్తుకి రావడానికి ఎంతసేపు పడుతోందో ఫోన్‌లో చూసుకోండి. నిమిషాలకి నిమిషాలు పడితే ధర మళ్లీ మాట్లాడండి.

కంప్రెసర్ ఆగిపోతే: కంగారు పడకండి. చాలా కార్లలో అది వేడెక్కితే కాపాడుకోవడానికి తనే ఆగుతుంది. చల్లారాక మళ్లీ తిరుగుతుంది. అన్నిసార్లు ఎందుకు తిరగాల్సి వస్తోందన్నదే మీరు వెతకాల్సిన ప్రశ్న.

ఎత్తు తప్పుగా ఉన్నా రాత్రి దిగకపోతే: లీకు కాకపోవచ్చు. ఎత్తు సెన్సార్ కడ్డీ తుప్పు పట్టి విరిగి ఉండొచ్చు. అది మారిస్తే స్కానర్‌తో ఎత్తు మళ్లీ సెట్ చేయించాలి.

కారు పూర్తిగా కూలబడితే: నడపకండి. టైరు ఫెండర్‌కి రాసుకుంటుంది, నలిగిన రబ్బరు చిరుగుతుంది. మొత్తం ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ పిలవండి.

ఇనుప స్ప్రింగులకి మారిపోదామనుకుంటే: మారొచ్చు, తప్పేం లేదు. కానీ ఆ మెత్తటి నడక పోతుంది. కంప్యూటర్‌ని ఒప్పించే మాడ్యూల్ లేకపోతే వార్నింగ్ లైటు వెలుగుతూనే ఉంటుంది. కారు ఎన్నాళ్లు ఉంచుకుంటారో లెక్క వేసుకుని తేల్చుకోండి.

కంప్రెసర్ నిజంగానే మార్చాల్సి వస్తే: ముందు లీకు ఆపండి. కొత్తదానితో పాటు రిలే మార్చండి. డ్రైయర్ గింజలు పాతవి ఉంచకండి.

సముద్రతీరంలో తిరిగితే: ఇంటికొచ్చాక కింది భాగం, చక్రాల లోపల మంచినీళ్లతో కడిగించండి. మరీ దగ్గరగా ప్రెషర్ గన్ పెట్టించకండి. బెల్లోస్ మడతల్లో ఇసుక లేకుండా చూసుకుంటే చాలు.

ఇక ఊరు చూడాలంటే చలికాలం రండి. సూళ్లూరుపేటకి ఉత్తరాన దాదాపు 20 కిలోమీటర్లలో నేలపట్టు ఉంది. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతుంటాయి. అక్కడి నుంచి పులికాట్ రోడ్డు, ప్రయోగం ఉన్న రోజైతే గ్యాలరీ. ఒక్క రోజుకి సరిపడా ఉంది.

బావ కారు డాష్‌బోర్డులో ఇప్పుడొక చిన్న నోటుబుక్కు ఉంది. ప్రతి ఆదివారం పొద్దున అందులో నాలుగు అంకెలు పడతాయి. రాసేది మా అక్క. గాజులు చప్పుడు చేస్తుంటే టేపు పట్టుకుని కొలుస్తుంది. బెల్లోస్‌ల కోసం పక్కన పెట్టే డబ్బు లెక్క కూడా అదే పేజీలో, కింద గీత గీసి.